డెలివరీలో ఇల్లు దెబ్బతింటే: అపోహలు, వాస్తవాలు

వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిగా నేను ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం తెలుగు కుటుంబాల నోట తరచుగా వినే ఫిర్యాదు సామాను చెడిపోయిందని కాదు. సామాను చక్కగానే వచ్చిందని, దాన్ని లోపలికి చేర్చేటప్పుడు ఇల్లే దెబ్బతిన్నదని. మన పాత వీధుల్లో గుమ్మాలు ఇరుకు, అరుగులు ఎత్తు, మేడమెట్లు నిటారు. వాటి మీదుగా రెండు తలుపుల ఫ్రిజ్, ఇనుప బీరువా, గ్రానైట్ పలక వంటివి ఎక్కిస్తున్నప్పుడు ద్వారబంధం చిట్లుతుంది, టైల్ పగులుతుంది, మెట్ల రెయిలింగ్ ఊడివస్తుంది. ఆ తరువాత ఇరుగుపొరుగు వారు, దుకాణం వారు చెప్పే మాటలలో చాలావరకు చట్టం ముందు నిలవవు.

అపోహ: సామాను మంచి స్థితిలో అందిందని సంతకం పెట్టాం, ఓటీపీ కూడా చెప్పాం కాబట్టి ఇక అడగడానికి లేదు.

ఆ సంతకం సామాను గురించి మాత్రమే. ఫ్రిజ్ మీద గీత లేదని మీరు ఒప్పుకున్నంత మాత్రాన గడప విరగలేదని ఒప్పుకున్నట్టు కాదు. అయితే సంతకానికి పైన ఏమీ రాయకపోతే, ఆ దెబ్బ తరువాత ఎప్పుడో తగిలిందని అవతలివారు వాదిస్తారు. అందువల్ల రసీదు మీదే "లోపలికి తెచ్చేటప్పుడు ముందు గుమ్మం కుడివైపు చెక్క చిట్లింది" అని ఒక్క వాక్యం రాసి, తేదీ, సమయం వేసి, దాన్ని ఫోటో తీసుకోవాలి. కాగితం లేకుండా ఫోన్‌లోనే సంతకం చేయించుకునే పద్ధతి అయితే, వాళ్లు వీధి మలుపు దాటేలోగా కస్టమర్ కేర్‌కు సందేశం పంపి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి.

అపోహ: మోసినవాళ్లు దుకాణం మనుషులు కారు, పైగా డెలివరీ ఉచితం, కాబట్టి దుకాణానికి బాధ్యత లేదు.

నేను ఎక్కువగా వాదించవలసి వచ్చేది ఈ విషయం మీదే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, అంటే 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న చట్టం, సేవాలోపాన్ని నిర్వచించేటప్పుడు వినియోగదారుకు నష్టం కలిగించిన నిర్లక్ష్యాన్ని కూడా అందులో చేర్చింది. ఆ నష్టం కొన్న వస్తువుకే జరగాలని ఎక్కడా చెప్పలేదు. సామాను ఇంటికి చేరుస్తామన్న మాట అమ్మకంలో భాగమైనప్పుడు, ఆ చేర్చే పనిని దుకాణం తన జీతగాళ్లతో చేయించినా, రవాణా సంస్థకు అప్పగించినా, ఆ సంస్థ మరొక ఆటో యజమానికి అప్పగించినా, కొనుగోలుదారుతో మాట ఇచ్చింది దుకాణమే. వాళ్ల మధ్య ఎవరు ఎవరికి ఎంత చెల్లించుకోవాలన్నది వాళ్ల లెక్క. ఉచిత డెలివరీ అన్న వాదనకు కూడా ఇదే సమాధానం: మీరు చెల్లించిన ధరలో ఆ సేవ ఉంది, కాబట్టి అది చట్టం మినహాయించిన ఉచిత సేవల కిందకు రాదు.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు వేదిక ఒకరిది, అమ్మకందారు ఒకరు, మోసుకొచ్చినవారు మరొకరు. ఎవరిని ప్రతివాదిగా చూపాలా అని తికమక పడనక్కరలేదు, ముగ్గురినీ చూపండి. ఒకరిని వదిలేస్తే మిగిలిన ఇద్దరూ తప్పును, వినియోగదారుల ఫిర్యాదులు విచారించే కమిషన్ ముందు లేనివాడి మీదకు నెడతారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి వేదికా ఫిర్యాదుల అధికారి పేరును, సంప్రదించే వివరాలను ప్రకటించాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. చాట్ పెట్టెలో పది మందితో మాట్లాడి విసిగిపోయేకంటే ఆ అధికారికి ఒక్క ఈమెయిల్ పంపడం మేలు. తరువాత కమిషన్ ముందు ఆ గడువులే మీ పక్షాన మాట్లాడతాయి.

ఒక మెలిక ఉంది. బిల్లు మీద "గుమ్మం వరకే డెలివరీ" అని ఉండి, మీరు కళాసీలకు విడిగా డబ్బిచ్చి మేడ మీదకు ఎక్కించుకుంటే, అది మీకూ వాళ్లకూ మధ్య జరిగిన బేరమని దుకాణం వాదిస్తుంది, ఆ వాదనకు బలం ఉంటుంది. పై అంతస్తు మోతకూలి ఎంతైనా సరే, దాన్ని దుకాణం బిల్లులోనే రాయించుకోండి. అలాగే బస్తాల బండిని సెప్టిక్ ట్యాంకు మూత మీదుగా తీసుకురమ్మని డ్రైవరు వద్దన్నా మీరే చెప్పి ఉంటే, మీ వాటా తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది.

అపోహ: పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేస్తే డబ్బు కక్కిస్తారు.

చేయి జారి బీరువా టైల్ మీద పడితే అది నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ఆస్తిని పాడుచేసిన నేరం కావాలంటే నష్టం కలిగించాలన్న ఉద్దేశమో, కలుగుతుందన్న ఎరుకో ఉండాలి. స్టేషన్‌లో కూర్చోబెట్టి రాజీ చేయించినా, దబాయించి ఇప్పించిన హామీని తరువాత ఎవరూ పట్టించుకోరు. రోజుకూలీ మీద కేసు పెట్టి వేధించడం నాకు వ్యక్తిగతంగా నచ్చదు, చెల్లించవలసింది అతడు కాదు కూడా.

అపోహ: కంపెనీ మనిషి వచ్చి చూసేవరకు దేన్నీ ముట్టుకోకూడదు.

పైపు పగిలి నీళ్లు కారుతుంటే వెంటనే కట్టించాలి. నష్టం పెరగకుండా చూసుకోవడం బాధితుడి బాధ్యత, చూస్తూ ఊరుకున్నందువల్ల పెరిగిన నష్టానికి పరిహారం రాదు. చేయవలసిందల్లా బాగుచేసే ముందు సాక్ష్యం భద్రపరచడం. దూరం నుంచి గది మొత్తం కనిపించేలా ఒక ఫోటో, దగ్గరనుంచి పక్కన స్కేలు పెట్టి మరొకటి, మోసుకొచ్చిన వస్తువు, దెబ్బతిన్న చోటు రెండూ ఒకే చిత్రంలో పడేలా ఇంకొకటి తీయండి. వాట్సాప్‌లో పంపిన కాపీ నాణ్యత తగ్గిపోతుంది, అందులో తీసిన సమయం వంటి వివరాలు చెరిగిపోతాయి, అందుకని ఫోన్‌లోని అసలు ఫైల్ తీసేయకండి. విరిగిన ముక్కలు ఒక సంచిలో వేసి ఉంచండి.

టైల్ విషయంలో ఇంకొక పని చేయాలి. పగిలిన టైల్ చుట్టూ ఉన్న వాటిని వేలి కణుపుతో కొట్టి చూడండి. గుల్ల శబ్దం వస్తే ఆ టైల్స్ కింద సిమెంటు సరిగా పట్టలేదని అర్థం, టైల్ ముందే బలహీనంగా ఉందని అవతలివారి సర్వేయరు, అంటే నష్టం అంచనా వేసే మనిషి, రాయబోయేది అదే. గట్టి శబ్దం వస్తే, కొడుతూ ఒక చిన్న వీడియో తీసి ఉంచుకోండి. ఆ వాదనకు అదే జవాబు.

అపోహ: ఒక టైల్ పగిలితే గది మొత్తం కొత్తగా వేయించి ఇవ్వాల్సిందే.

నష్టానికి తగినంతే పరిహారం, ఇల్లు కొత్తదయ్యేంత కాదు. పదిహేనేళ్ల తలుపుకు రంగు వెలిసి ఉంటే కొత్త తలుపు ధర మొత్తం రావడం కష్టం. కానీ పాత టైల్ రకం బజారులో దొరకకపోతే, ఆ సంగతి ఇద్దరు వ్యాపారుల చేత లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే, ఒక్క టైల్ ధర ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పడానికి ఆధారం ఉంటుంది. మేస్త్రీ నోటిమాట అంచనా కంటే, కొలతలు, కూలి, సామగ్రి విడివిడిగా రాసిన అంచనా పత్రానికి ఎంతో విలువ. టైల్స్ పెట్టె మీద ఉండే బ్యాచ్, షేడ్ సంఖ్యలను ఇల్లు కట్టుకున్న రోజే ఫోటో తీసి ఉంచుకుంటే అదే రకం వెతకడం తేలిక.

అపోహ: పాతపట్నంలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో కొంటే కేసు అక్కడికే వెళ్లి వేయాలి.

సరిహద్దు ఊళ్లలో ఎక్కువ మందిని వెనక్కి లాగేది ఈ భయమే. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం, ఇచ్ఛాపురం బరంపురానికి దగ్గర. ధర తక్కువని ఆ పక్కన కొని ఈ పక్కకు తెచ్చుకోవడం మామూలే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షలు దాటనంత వరకు అది జిల్లా స్థాయిలోనే ఉంటుంది, 5 లక్షల వరకు ఫీజే లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. కమిషన్‌లో వ్యవహారం ఒడియాలోను, ఇంగ్లీషులోను నడుస్తుంది కాబట్టి తెలుగు సందేశాలకు, తెలుగు రసీదులకు అనువాదం జతచేయాలి. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే చెప్పుకోవచ్చు, చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. వ్యాపారం కోసం కొన్న సరుకుకు మాత్రం ఈ దారి సాధారణంగా మూసుకుపోతుంది, మూడేళ్లలోగా సివిల్ దావా వేసుకోవాలి.

అపోహ: లారీ ప్రహరీని గుద్దినా దారి ఇదే.

కాదు. ఇసుక లారీ వెనక్కి వస్తూ ప్రహరీని కూల్చితే, అది వాహన ప్రమాదం. వాహనం తాలూకు మూడో వ్యక్తి (థర్డ్ పార్టీ) బీమాలో ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంటుంది, యజమాని ప్రీమియం ఆదా కోసం దాన్ని 6,000కు కుదించుకుంటే తప్ప. ఫిర్యాదు చేయవలసింది మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్‌కు, అదీ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో. ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఉంది, దీన్ని పట్టించుకోక నష్టపోయేవాళ్లే ఎక్కువ. ఇక్కడ పోలీసు స్టేషన్‌లో నమోదు తప్పనిసరిగా ఉపయోగపడుతుంది, నంబరు ప్లేటు ఫోటో కూడా.

ఇంటి రుణం ఉన్నవాళ్లు బ్యాంకు చేయించిన బీమా పత్రాన్ని ఒకసారి తీసి చూడాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహరక్ష పాలసీలో బయటి వాహనం వంటిది వచ్చి తాకడం వల్ల కట్టడానికి కలిగే నష్టం, నీటి ట్యాంకులు, పైపులు పగలడం వల్ల కలిగే నష్టం ఉన్నాయి. ఆ డబ్బు ముందు తీసుకుంటే, అవతలివారి మీద ఆ మేరకు రాబట్టే హక్కు బీమా సంస్థకు వెళుతుంది. రెండు చోట్లా వసూలు చేయలేరు.

రాజీకి వస్తే రసీదు కాగితాన్ని నిదానంగా చదవండి. "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉంటే తరువాత బయటపడే నష్టం కూడా అందులో కలిసిపోతుంది. గోడలో పైపు అదిరిందో లేదో ఇంకా తెలియని రోజున ఇచ్చే మొత్తానికి, "కనిపిస్తున్న టైల్స్ నష్టానికి మాత్రమే" అని మీ చేతితో చేర్చి, అవతలివారి చేత కూడా దాని పక్కన సంతకం పెట్టించుకోండి.