నార్నియా పుస్తకాలు: ఒకటో నంబరు దగ్గర ఆగిపోతున్న పిల్లల గురించి

కిందటి జూన్‌లో, బడులు తెరిచిన మొదటి వారంలోనే, ఐదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి హైదరాబాదులో నేను పనిచేసే పాఠశాల గ్రంథాలయానికి ఒక అట్టపెట్టె పట్టుకొని వచ్చారు. అందులో సి. ఎస్. లూయిస్ పిల్లల కోసం ఆంగ్లంలో రాసిన, నార్నియా అనే మాయాలోకపు కథల పుస్తకాలు ఏడూ ఉన్నాయి. ఆరు పుస్తకాలు విప్పి చూసిన జాడే లేదు. ఒకటో నంబరు వేసిన పుస్తకంలో మాత్రం ఐదో అధ్యాయం దగ్గర ఒక బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది. “సెలవులన్నీ అయిపోయాయి మేడమ్, మా పాప ఇక్కడి నుంచి కదలలేదు. దీనికి చదివే ఓపిక లేదేమో, ఫోను చూసి చూసి ఇలా తయారైందేమో. ఈ పుస్తకాలు మీ లైబ్రరీకే ఇచ్చేస్తాను” అన్నారు ఆవిడ. పాప పక్కనే తల వంచుకొని నిలబడి ఉంది.

పిల్లల గ్రంథాలయాలలో 19 ఏళ్ళుగా పనిచేస్తున్న నాకు ఈ దృశ్యం కొత్తది కాదు. పుస్తకం మారదు, ఆగిపోయే చోటు కూడా దాదాపు మారదు, నింద మాత్రం ప్రతిసారీ పిల్లల మీదనే పడుతుంది. అందుకే, ఎన్నోసార్లు నోటితో చెప్పిన సంగతులను ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పుస్తకం వెన్ను మీద 1 అని ఉంది కాబట్టి దానితోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: ఆ అంకె కథలో సంఘటనలు జరిగిన కాలక్రమాన్ని చెబుతుందే గాని, రచయిత ఆ పుస్తకాలను ఏ వరుసలో పాఠకుల ముందుకు తెచ్చాడో చెప్పదు. సి. ఎస్. లూయిస్ మొదట ప్రచురించినది 1950 నాటి ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’. ఆ తరువాత ఏడాదికి ఒకటి చొప్పున 1951లో ‘ప్రిన్స్ కాస్పియన్’, 1952లో ‘ద వోయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్’, 1953లో ‘ద సిల్వర్ చెయిర్’, 1954లో ‘ద హార్స్ అండ్ హిజ్ బాయ్’, 1955లో ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’, 1956లో ‘ద లాస్ట్ బ్యాటిల్’ వచ్చాయి. ఈనాడు పెట్టెలో ఒకటో నంబరుతో కనిపించే ‘మెజీషియన్స్ నెఫ్యూ’ నిజానికి ఆరోదిగా వెలువడిన పుస్తకం. అమెరికాలో మాక్‌మిలన్ సంస్థ చాలాకాలం ప్రచురణ వరుసలోనే నంబర్లు వేసింది. 1994లో హార్పర్‌కాలిన్స్ ఆ అంకెలను తీసివేసి, కథాకాలాన్ని బట్టి కొత్త అంకెలు వేసింది. మన దుకాణాలలో దొరికే పెట్టెలలో ఉండేది ఆ కొత్త వరుసే.

అంకె మారితే ఏమిటట అని అడిగేవారికి నేను రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ‘వార్డ్‌రోబ్’లో మొదటి అధ్యాయం ముగియకముందే లూసీ అనే చిన్న పిల్ల బట్టల బీరువాలో దూరి, వేలాడే ఉన్నికోటుల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, మంచు కురుస్తున్న అడవిలో తేలుతుంది, ఆ నడి అడవిలో వెలుగుతున్న ఒక దీపస్తంభం దగ్గర, గొడుగు పట్టుకొని నడిచి వస్తున్న మేకకాళ్ళ మనిషిని కలుసుకుంటుంది. ‘మెజీషియన్స్ నెఫ్యూ’లో అయితే పిల్లలు లండన్‌లోని ఒక వరుస ఇళ్ళ అటక మీద, మంత్రపు ఉంగరాల మధ్య, ఆ తరువాత చచ్చిపోయిన ఒక మహానగరపు శిథిలాలలో తిరుగుతూ ఉంటారు, మొత్తం 15 అధ్యాయాలలో ఎనిమిదో అధ్యాయం చివరికి గాని నార్నియా పుట్టుక మొదలు కాదు. నార్నియాను చూడాలని పుస్తకం తెరిచిన పదేళ్ళ పిల్ల సగం పుస్తకం దాకా నార్నియా కోసం ఎదురుచూడాలి. ఆ పాప ఐదో అధ్యాయం దగ్గర ఆగిపోయిందంటే, అది ఓపిక లేకపోవడం ఎలా అవుతుంది?

‘మెజీషియన్స్ నెఫ్యూ’ మంచి పుస్తకం కాదని నా ఉద్దేశం కానే కాదు. మంచం పట్టిన తల్లి కోసం ఒక కుర్రవాడు పడే ఆరాటం అందులో ఉంది. లూయిస్ తన తొమ్మిదో ఏట, 1908లో, కన్నతల్లిని కాన్సర్‌కు పోగొట్టుకున్నాడని తెలిసి చదివితే ఆ పుటలు ఇంకా లోతుగా తాకుతాయి. కానీ ఆ పుస్తకం జవాబుల పుస్తకం. అడవి మధ్యలో దీపస్తంభం ఎవరు పాతారు, ఆ బీరువాకు ఆ శక్తి ఎక్కడిది, ముసలి ప్రొఫెసరు పిల్లల మాటను అంత తేలికగా ఎందుకు నమ్మాడు అనే ప్రశ్నలను మనసులో మోసుకుంటూ వచ్చిన పాఠకుడికి అది ఒక్కొక్క ముడీ విప్పి చూపిస్తుంది. ఆ జవాబులను ఇక్కడ రాసి పిల్లల సంతోషాన్ని చెడగొట్టను. ప్రశ్న పుట్టకముందే జవాబు చేతిలో పెడితే మాత్రం దానికి విలువ ఉండదు.

రామాయణం విన్నవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. రావణుడి పుట్టుక, అతని వరాలు, అతని దండయాత్రలు రాముడు పుట్టడానికి చాలా ముందే జరిగాయి. అయినా వాటిని అగస్త్యుడు చెప్పేది ఉత్తరకాండలో, యుద్ధమంతా ముగిసి పట్టాభిషేకం కూడా అయ్యాక. కాలం ప్రకారం ముందు జరిగింది కదా అని ఏ తాతగారూ మనవలకు రామకథను ఉత్తరకాండతో మొదలుపెట్టరు.

ఇంకొక ఆధారం పుస్తకంలోనే ఉంది. ‘వార్డ్‌రోబ్’లో అస్లాన్ అనే సింహం పేరు మొదటిసారి వినిపించినప్పుడు నలుగురు పిల్లల గుండెల్లోనూ నాలుగు రకాల కదలిక పుడుతుంది. అస్లాన్ ఎవరో పాఠకుడికి ఎంత తెలుసో ఆ పిల్లలకూ అంతే తెలుసునని, అంటే ఎవరికీ ఏమీ తెలియదని, కథకుడు అక్కడ నేరుగా అంటాడు. ఒకటో నంబరు చదివి వచ్చిన పిల్లకు ఆ వాక్యం అబద్ధమవుతుంది, ఎందుకంటే అప్పటికే ఆమె అస్లాన్‌ను చూసి, అతని పాట విని వచ్చింది.

“కానీ కొత్త వరుసను లూయిస్ స్వయంగా నిర్ణయించాడట కదా” అనే మాట నాకు వారానికి ఒకసారైనా ఎదురవుతుంది. జరిగింది ఇది. 1957లో అమెరికాలోని ఒక బాలుడు, కథాకాలం ప్రకారం చదవాలని తానూ, వెలువడిన వరుసలో చదవాలని తన తల్లీ వాదించుకుంటున్నామని లూయిస్‌కు రాశాడు. లూయిస్ ఆ కుర్రవాడి వైపే మొగ్గు చూపుతూ ఆదరంగా జవాబు రాశాడు. అదే ఉత్తరంలో, మొదటి పుస్తకం రాసేటప్పుడు రెండోది ఉంటుందని తనకు తెలియదని, మూడోది పూర్తయ్యాక అదే చివరిదని గట్టిగా అనుకున్నానని, కాబట్టి ఏ వరుసలో చదివినా బహుశా పెద్ద తేడా ఉండదని కూడా రాశాడు. దీనిని రచయిత ఆజ్ఞగా ప్రచారం చేయడం ఆ ఉత్తరాన్ని సగమే చదివినవారి పని. లూయిస్ 1963 నవంబరు 22న కన్నుమూశాడు. అమెరికా ప్రతుల అంకెలు మారినది ఆ తరువాత మూడు దశాబ్దాలకు. రెండోసారి చదివేటప్పుడు కథాకాలం ప్రకారం చదవమని నేనే పిల్లలకు చెబుతాను. అప్పుడు ఆ వరుసలో వేరే అందం కనిపిస్తుంది. మొదటిసారి మాత్రం బీరువా తలుపు గుండానే లోపలికి వెళ్ళనివ్వండి.

అపోహ: రచయిత మతగురువు, ఇవి మత ప్రచారం కోసం రాసిన పుస్తకాలు.

వాస్తవం: ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులను నేను తీసిపారేయను. పిల్లల చేతికి ఏమి ఇస్తున్నామో తెలుసుకోవాలనుకోవడం బాధ్యత గలవారి లక్షణం. 1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన లూయిస్ జీవనోపాధికి ఆంగ్ల సాహిత్యం బోధించాడు. 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లెన్ కళాశాలలో, ఆ తరువాత కేంబ్రిడ్జిలో మధ్యయుగ, పునరుజ్జీవన కాలపు సాహిత్యానికి ఆచార్యుడిగా పనిచేశాడు. మతగురువుగా ఎన్నడూ లేడు. యౌవనంలో దేవుడిపై నమ్మకం వదులుకొని, 1931లో మళ్ళీ క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చాడు. యుద్ధకాలంలో బీబీసీ రేడియోలో ఆ విశ్వాసం గురించి ప్రసంగించాడు. అస్లాన్ మరణంలోనూ పునరాగమనంలోనూ క్రీస్తు కథ నీడ ఉన్నదనే మాట నిజం, లూయిస్ దానిని దాచలేదు కూడా. అయితే నీతిని ముందు నిర్ణయించుకొని దానికి కథ అల్లలేదని, మంచు అడవిలో గొడుగుతో, చేతిలో పొట్లాలతో నడుస్తున్న మేకకాళ్ళ మనిషి బొమ్మ తన పదహారో ఏట నుంచి మనసులో ఉండిపోయిందని, కథ అక్కడి నుంచి పుట్టిందని ఆయన రాశాడు. ఆ లోకంలో గ్రీకు పురాణాల వనదేవతలు, ఉత్తర ఐరోపా కథల మరుగుజ్జులు, క్రిస్మస్ తాత అందరూ కలిసి తిరుగుతారు. ఈ కలగాపులగాన్ని చూసే ఆయన మిత్రుడు, ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రచయిత టోల్కీన్ ఈ పుస్తకాలను మెచ్చుకోలేకపోయాడు.

పుకార్ల కంటే ఆలోచించవలసిన అభ్యంతరాలు వేరే ఉన్నాయి. కాలోర్మెన్ అనే దేశపు ప్రజలను చిత్రించిన తీరులో ఆనాటి ఆంగ్లేయుల తూర్పుదేశాల చులకన కనిపిస్తుంది, చివరి పుస్తకంలో, ‘వార్డ్‌రోబ్’ నలుగురు పిల్లలలో ఒకరైన సూజన్‌కు జరిగిన అన్యాయం చాలామంది ఆడపిల్లలను నొప్పిస్తుంది. వీటిని దాటవేయకుండా పిల్లలతో మాట్లాడండి. ఏడో తరగతి పిల్లలు ఈ రెండు విషయాల మీద నాతో చేసిన చర్చలు నా ఉద్యోగంలో నాకు మిగిలిన మంచి జ్ఞాపకాలు.

అపోహ: పాత పుస్తకాల దుకాణంలో కొన్న ప్రతిలో తోడేలు పేరు వేరుగా ఉంది, కాబట్టి అది నకిలీది.

వాస్తవం: అబిడ్స్‌లో ఆదివారాలు కాలిబాట మీద అమ్మే పాత పుస్తకాలలో అమెరికా ప్రతులు తరచుగా కనిపిస్తాయి. అమెరికా ముద్రణ కోసం లూయిస్ స్వయంగా కొన్ని మార్పులు చేశాడు, మంత్రగత్తె కొలువులోని తోడేలు మోగ్రిమ్ పేరును ఫెన్రిస్ ఉల్ఫ్ అని మార్చడం అందులో ఒకటి. 1994 ముద్రణతో అక్కడ కూడా బ్రిటిష్ పాఠమే వచ్చింది. అటువంటి పాత ప్రతి దొరికితే పారేయకండి, అది రచయిత చేయి పడిన పాఠమే.

అపోహ: లూయిస్ ఈ కథలను తన సొంత పిల్లల కోసం రాశాడు.

వాస్తవం: మొదటి పుస్తకం వచ్చేనాటికి ఆయనకు పెళ్ళే కాలేదు. జాయ్ డేవిడ్‌మన్‌తో వివాహం 1956లో జరిగింది, ఆ ఏడే చివరి పుస్తకం వెలువడి, పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం పొందింది. ఆమె కుమారులిద్దరికీ ‘హార్స్ అండ్ హిజ్ బాయ్’ అంకితమిచ్చాడు. బాంబుదాడుల భయంతో 1939లో లండన్ నుంచి తరలించిన పిల్లలు కొందరు ఆక్స్‌ఫర్డ్ శివార్లలోని ఆయన ఇంట్లో తలదాచుకున్నారు. ‘వార్డ్‌రోబ్’లోని నలుగురు పిల్లలు కూడా అలాగే ప్రొఫెసరు ఇంటికి వస్తారు. వారిలో ఒకడైన ఎడ్మండ్ టర్కిష్ డిలైట్ అనే మిఠాయి కోసం తోబుట్టువులను మోసం చేయడం మన పిల్లలకు వింతగా తోస్తుంది. ఆ పుస్తకం వచ్చేనాటికి బ్రిటన్‌లో మిఠాయిలకు ఇంకా రేషన్ ఉందని, అది 1953 దాకా తొలగలేదని చెబితే వాళ్ళు చటుక్కున గ్రహిస్తారు. టర్కిష్ డిలైట్ ఎలా ఉంటుందని అడిగితే, మొక్కజొన్న పిండితో చేసే మన బొంబాయి హల్వాకు దగ్గరి చుట్టమని చెబుతాను.

సినిమా చూస్తే చాలుననేవారికి ఒక్క మాట: 2005, 2008, 2010 సంవత్సరాలలో వచ్చిన ఆ మూడు చిత్రాలు ఏడింటిలో మూడు పుస్తకాల కథలే.

ఆ రోజు ఆ పాప పెట్టెలోంచి 2 అంకె ఉన్న ‘వార్డ్‌రోబ్’ తీసి ఆమె చేతికిచ్చి, మొదటి అధ్యాయం అక్కడే కూర్చొని చదవమన్నాను. తల్లిగారితో, “చూడండమ్మా, పిల్లలో లోపం లేదు, పక్క గుమ్మం తట్టిందంతే” అన్నాను. మేము మాట్లాడుకుంటున్న పావుగంటలో పాప రెండో అధ్యాయంలోకి వెళ్ళిపోయింది, పిలిస్తే పలకలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి నేను మరేమీ అనలేదు.

మా గ్రంథాలయంలోని ప్రతులన్నిటికీ వెన్ను మీద అచ్చయిన అంకె కనబడకుండా చిన్న చీటీలు అంటించి, వాటి మీద ప్రచురణ వరుసను తెలుగు అంకెలలో రాశాను. ఆ వంకతో పిల్లలు ౧, ౨, ౩ కూడా నేర్చుకున్నారు. ఆ పాప వినాయక చవితి సెలవుకు ముందు ౫ తిరిగి ఇచ్చి, ౬ అడిగింది. సెలవు మర్నాడు ఉదయం ప్రార్థనకు గంట కొట్టకముందే తలుపు దగ్గర నిలబడి, “మేడమ్, దీపస్తంభం సంగతి మీకు ముందే తెలుసా?” అని నిలదీసింది.