తొమ్మిది, రెండు, ఆరు, మూడు: ఆధునిక సంగీతానికి చేసే బ్యాలే మీద అపోహలు - వాస్తవాలు

నేను జర్మనీలో ఒక బ్యాలే కంపెనీలో రిహార్సల్ పియానిస్ట్‌ని. ఆర్కెస్ట్రా మాకు చివరి వారంలో గానీ రాదు. అంతవరకూ స్టూడియోలో ఆర్కెస్ట్రా అంటే నేనూ, నా పియానో. ఈ సీజన్‌లో స్ట్రావిన్‌స్కీ, ఫిలిప్ గ్లాస్ అనే ఇద్దరు ఆధునిక స్వరకర్తల సంగీతాలకు చేసిన బ్యాలేలు వేస్తున్నాం అని చెప్పినప్పటి నుంచి ఇంట్లోవాళ్లూ, ఇక్కడి తెలుగు మిత్రులూ అడిగేవి అవే ప్రశ్నలు. విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయి ఇలా రాస్తున్నాను.

అపోహ: ఆ సంగీతానికి తాళమే ఉండదు.

ఉంటుంది. మనం అనుకున్న చోట దెబ్బ పడదు, అంతే. స్ట్రావిన్‌స్కీ బ్యాలే 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' మొదటి భాగంలో తీగవాద్యాలు ఒకే కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాల గుంపును) సమానమైన నడకలో టకటకా కొడుతూ పోతాయి. మధ్యమధ్యలో కొన్నిటి మీద మాత్రం ఎనిమిది హార్న్‌లు (ఇత్తడి ఊదుడు వాద్యాలు) కలిసి గుద్దుతాయి. ఆ గుద్దులను బట్టి విడగొడితే లెక్క ఇలా వస్తుంది: 9, 2, 6, 3, 4, 5, 3. కూడి చూడండి, 32. మన లెక్కలో ఎనిమిదేసి దెబ్బల ఆదితాళ ఆవర్తనాలు నాలుగు! చేత్తో ఆదితాళం వేస్తూ నోటితో ఈ అంకెలు చెబితే కూచిపూడి నేర్చుకున్న మా అక్క రెండోసారికే పట్టేసింది. మా కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు మూడు రోజులు పట్టింది.

'అగాన్' ఇంకో మెట్టు పైన. స్ట్రావిన్‌స్కీ సంగీతానికి కొరియోగ్రాఫర్ జార్జ్ బాలన్‌చీన్ 1957లో న్యూయార్క్ సిటీ బ్యాలేకి కూర్చిన పని అది. అందులో ఒక అమ్మాయి సోలో ఉంది. కాస్టనెట్‌లు (చిడతల్లాంటి వాద్యాలు) మొదటి నుంచి చివరి దాకా మూడు లెక్కలోనే మోగుతుంటాయి. మిగతా వాద్యాలు ఏడుకీ ఐదుకీ మారుతుంటాయి. అంటే కింద తిస్రం, పైన మిశ్రం, ఖండం. నట్టువాంగం వేసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

అపోహ: సంగీతం వింటూ దానితోపాటు ఆడేస్తారు.

పాత బ్యాలేల్లో కొంతవరకు నిజమే. 'స్వాన్ లేక్'లో నర్తకి గెంతు పూర్తయ్యేదాకా కండక్టర్ ఒక అర క్షణం ఆగుతాడు. ఈ సంగీతంలో ఆగడానికి చోటుండదు. అందుకే ప్రతి డాన్సర్ బుర్రలోనూ సొంత లెక్క నడుస్తుంటుంది. అది స్కోరులో (సంగీతం రాసి ఉన్న పుస్తకంలో) బార్ల లెక్కతో, అంటే గీతలతో విడగొట్టిన తాళభాగాల లెక్కతో, కలవాలని కూడా లేదు. నా స్కోరు తెరిస్తే ప్రింటు బార్ల పైన పెన్సిల్‌తో ఇంకో వరస అంకెలు కనిపిస్తాయి, అవి డాన్సర్లవి. ఎవరైనా "రెండో ఆరు నుంచి" అంటే నేను పెన్సిల్ వరసే చూడాలి.

మొన్న రిహార్సల్‌లో టెన్షన్‌లో రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాను. నేను ముందుకు దూకేశాను కానీ డాన్సర్లు ఎవరూ ఆగలేదు. అద్దంలో చూస్తే పన్నెండు మంది పెదవులూ కదులుతూనే ఉన్నాయి. నేను ముగించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాక ఇంకా కొన్ని సెకన్లు నిశ్శబ్దంలో ఆడి, అందరూ ఒకేసారి ఆగారు. నీళ్ల సీసా కోసం పియానో దగ్గరికి వచ్చిన అమ్మాయి "పద్నాలుగు కౌంట్లు మింగేశావు" అని చెప్పి పోయింది. నేను తిప్పిన పేజీ లెక్కేసుకుంటే సరిగ్గా పద్నాలుగే.

గ్లాస్ సంగీతం తేలిక అనుకునేవాళ్లకు ఒక మాట. అందులో ఒకే చిన్న ముక్క మళ్లీమళ్లీ వస్తుంది. ఇప్పుడు వినిపిస్తున్నది నాలుగోసారో, ఐదోసారో చెవి చెప్పదు. కొరియోగ్రాఫర్ జెరోమ్ రాబిన్స్ గ్లాస్ సంగీతానికి 1983లో చేసిన 'గ్లాస్ పీసెస్'లో వెనక తెర గ్రాఫ్ పేపర్‌లా గళ్లుగళ్లుగా ఉంటుంది. మా వాళ్లు అది చూసి, గళ్లలో అంకెలు కూడా వేసి ఉంటే బాగుండేది అని నవ్వుకుంటారు.

అపోహ: 1913లో పారిస్‌లో గొడవ జరిగింది ఆ సంగీతం భరించలేకే.

మే 29న 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' మొదటి ప్రదర్శనలో అల్లరి జరిగిన మాట నిజం. హాల్లో కేకలకు ఆర్కెస్ట్రా వినపడక కొరియోగ్రాఫర్ నిజిన్‌స్కీ స్టేజీ పక్కన వింగ్‌లో కుర్చీ ఎక్కి డాన్సర్లకు అంకెలు అరిచాడు. (నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చేది ఆయనే.) అయినా ప్రదర్శన ఆగలేదు, చివరిదాకా జరిగింది. ఏడాది తిరక్కముందే, 1914 ఏప్రిల్‌లో అదే పారిస్‌లో, అదే కండక్టర్ పియెర్ మోంతూ డాన్సు లేకుండా ఈ సంగీతాన్ని వినిపిస్తే జనం స్ట్రావిన్‌స్కీని భుజాల మీద మోశారు. పాదాలు లోపలికి తిప్పి, వంగి, నేలను గుద్దే ఆ డాన్సుకి గొడవలో చాలా వాటా ఉంది.

అపోహ: కథ లేదు, కాస్ట్యూమ్ లేదు, అంటే భావం కూడా లేదు.

'అగాన్'ని రిహార్సల్ బట్టల్లాంటి నలుపు తెలుపుల్లోనే వేస్తారు. నలుగురు మగవాళ్లు మనకు వీపు పెట్టి నిలబడి మొదలుపెడతారు, మళ్లీ అలాగే ముగిస్తారు. కథ లేదు, ఒప్పుకుంటాను. కానీ మధ్యలో ఉన్న ఇద్దరి నృత్యాన్ని బాలన్‌చీన్ తెల్లజాతి నర్తకి డయానా ఆడమ్స్‌కి, నల్లజాతి నర్తకుడు ఆర్థర్ మిచెల్‌కి కూర్చాడు. అమెరికాలో నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ల స్కూల్లో అడుగుపెట్టడానికి సైన్యం కాపలా కాయాల్సి వచ్చిన ఏడాది అది. ఆమె కాలు అతని మెడ చుట్టూ చేరినప్పుడు హాల్లో కూర్చున్నవాళ్లకు ఏ కథా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అపోహ: స్కోరు కొనుక్కుంటే ఎవరైనా వేసేయొచ్చు.

'స్వాన్ లేక్' స్వరకర్త చైకోవ్‌స్కీకైతే సరే, ఆయన హక్కుల గడువు ఎప్పుడో తీరింది. స్ట్రావిన్‌స్కీ పోయింది 1971లో. 'అగాన్' మీద హక్కులు యూరప్‌లో 2041 ఆఖరుదాకా, ఇండియాలో 2031 ఆఖరుదాకా ఉంటాయి. అడుగుల (కొరియోగ్రఫీ) హక్కులు వేరే. బాలన్‌చీన్ ట్రస్ట్ అనుమతి ఇచ్చి, నేర్పడానికి మనిషిని పంపితేనే ఆ పని మన స్టేజీ ఎక్కుతుంది.

అపోహ: ఆర్కెస్ట్రా వస్తే డాన్సర్ల పని తేలికవుతుంది.

మొదటి రోజు నరకం. వారాల తరబడి నా ఎడమచేతి బేస్ నోట్ విని కదిలినవాళ్లకు ఆ నోట్ ఇప్పుడు పిట్‌లో (స్టేజీ ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గోతిలో) ఎక్కడో బసూన్ అనే ఊదుడు వాద్యం దగ్గర దాక్కుని ఉంటుంది. మా ఆర్కెస్ట్రా వచ్చే మంగళవారం వస్తోంది. ఆ రోజు నాకు వాయించే పని లేదు. మూడో వరసలో, స్కోరు ఒళ్లో పెట్టుకుని, పెన్సిల్ అంకెలు చూస్తూ కూర్చోవడమే. ఎవరైనా దారి తప్పి నా వైపు చూస్తే వేళ్లతో చూపించాలి: తొమ్మిది, రెండు, ఆరు, మూడు.