ఎక్స్‌కామ్ మూడో భాగం కోసం కార్డు కొనేముందు: అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం ఒక్కరోజే ముగ్గురు అడిగారు: "అన్నా, కొత్త ఎక్స్‌కామ్ వస్తాదంట గదా, ఏ కార్డు ఎయ్యమంటావు?" తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపు నాది. ఎక్స్‌కామ్ అంటే సైనికుల్ని నడిపిస్తూ గ్రహాంతరవాసులతో పోరాడే కంప్యూటర్ ఆట; కార్డు అంటే తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు. 2016 ఫిబ్రవరిలో ఎక్స్‌కామ్ 2 వచ్చినప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నా. ఆట చేతికి రాలేదు, దానికి ఏ సిస్టం కావాలో చెప్పే జాబితా రాలేదు. ఎవరో వీడియోలో వాగింది విని పిల్లలు మాత్రం 40 వేలు, 50 వేలు పెట్టి కార్డులు కొనేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఎక్స్‌కామ్ లాంటి టర్న్ బేస్డ్ (వంతులవారీగా ఆడే) ఆట ఆగకుండా నడవాలంటే ముందు గ్రాఫిక్స్ కార్డు మార్చాలి.

వాస్తవం: మీరు విసుక్కునేది ఎప్పుడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీ వంతు అయిపోయి, శత్రువు వంతు మొదలై, తెర అలాగే నిలబడిపోయినప్పుడు. అప్పుడు ఆలోచిస్తున్నది ప్రాసెసర్. కార్డు బొమ్మ గీసి ఊరికే కూర్చుని ఉంటుంది. మా ఊళ్ళో రచ్చబండ మీద పులి-మేక ఆడే తాత ఒకాయన ఉండేవాడు. పులిని కదపడానికి అరగంట ఆలోచించేవాడు. బండ మీద గీతలు ఎంత నీటుగా గీసినా ఆయన ఎత్తు తొందరగా పడేది కాదు. ఇక్కడా అంతే.

నా మాట నమ్మొద్దు, ఎక్స్‌కామ్ చేసినవాళ్ళదే ఇంకో వంతుల ఆట సివిలైజేషన్ 6 ఉన్నవాళ్ళు అందులోని బెంచ్‌మార్క్ (సిస్టం వేగం కొలిచే పరీక్ష) తెరిచి చూడండి. అందులో రెండు వేరువేరుగా ఉంటాయి: ఒకటి గ్రాఫిక్స్‌కి, ఇంకొకటి ఎదుటి పక్షం తరఫున ఆలోచించే ఏఐకి. రెండోది కొలిచేది ఒక్కో టర్న్‌కి ఎన్ని సెకన్లు పడుతుందన్నదే. ఆట చేసినవాళ్ళే ఆ రెంటినీ విడదీసి పెట్టారు.

అభిమానులు ఏం కోరుకుంటున్నారో నాకు తెలుసు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఎక్స్‌కామ్ 2 చివర్లో సముద్రం అడుగున కనబడిన వెలుగు చూసి, ఇదే వరసలో సముద్రం అడుగున సాగే 1995 నాటి ఆట టెర్రర్ ఫ్రమ్ ద డీప్ ఆడినవాళ్ళకి ఒళ్ళు జలదరించింది. నీళ్ళ అడుగున యుద్ధం కావాలి. మ్యాపులు పెద్దవి కావాలి. ఆరుగురు సైనికులు చాలరు, ఇంకా కావాలి. శత్రువు ఊరికే ఎదురొచ్చి చావకుండా, పక్కనుంచి తిరిగొచ్చి చుట్టుముట్టాలి. ఈ కోరికలన్నీ మంచివే. కానీ లెక్క వేసి చూడండి: నీళ్ళ అందం తప్ప మిగతా బరువంతా పడేది ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద. మ్యాపు పెద్దదయ్యేకొద్దీ, మనుషులు పెరిగేకొద్దీ, ఎవరు ఎవరికి కనబడతారు, ఎటు నడవొచ్చు అన్న లెక్కలు పెరుగుతాయి. మీ ఆశ నిజమైతే మీరు కొన్న కార్డు మిమ్మల్ని ఆదుకోదు.

ఎక్స్‌కామ్ చేసిన ఫిరాక్సిస్ 2025 ఫిబ్రవరిలో సివిలైజేషన్ 7 తెచ్చింది. పీసీలో దానికి కనీసం అడిగింది జీటీఎక్స్ 1050 కార్డు, 8 జీబీ ర్యామ్. బాగా నడవడానికి చెప్పింది ఆర్టీఎక్స్ 2060, 16 జీబీ. 1050 ఎప్పటిదో తెలుసా? 2016 నాటి కార్డు. అంటే వాళ్ళ కొత్త ఆట మొదలు కావడానికి అంత పాత కార్డే చాలు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. 2016లో చిత్తూరు నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. ఎక్స్‌కామ్ 2లో ఒక్కో మిషన్ లోడ్ కావడానికి యుగం పడుతోందని చెప్పి కార్డు అడిగాడు. నేను ఇంకేమీ అడగకుండా అమ్మేశాను. వేసి చూస్తే లోడింగ్ అలాగే ఉంది. కొద్దిరోజులకే ఆడేవాళ్ళు కనిపెట్టారు: లోడింగ్ తెర మీద క్యాప్స్ లాక్ నొక్కితే చటుక్కున అయిపోతోందని. జాప్యం ఆట లోడ్ చేసుకునే తీరులోనే ఉంది, పాత కార్డులో లేదు. ఆ పిల్లాడు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ డబ్బు వాడు రెండు సెమిస్టర్లు దాచుకున్నది. ఆ రోజునుంచి అడక్కుండా కార్డు అమ్మలేదు.

తర్వాత కొన్నేళ్ళకు పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. పాడి రైతు. "సామీ, ఈ కార్డు ఎయ్యకపోతే ఆట ఆడదంట. వీడు రెండు దినాలుగా సరిగ్గా అన్నం తినలేదు" అన్నాడు. పిల్లాడు తల దించుకుని నిలబడ్డాడు. సిస్టం తెప్పించి చూస్తే హార్డ్ డిస్క్ మీద ఆట, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు. హార్డ్ డిస్క్ కంటే వేగంగా చదివే ఎస్ఎస్‌డీ ఒకటి, ఇంకో 8 జీబీ స్టిక్కు వేసి పంపాను. కార్డు ధరలో ఐదో వంతు కూడా కాలేదు. అలాంటి పిల్లల్ని కోప్పడకండి. స్నేహితులంతా ఆడుతుంటే తను వెనకబడతాననే దిగులు వాళ్ళది, ఆ దిగులు నిజమైనదే.

కార్డు అసలే వద్దా? కావాలి, కొందరికి. కార్డే లేకుండా పాత ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ మీద లాగుతున్నవాళ్ళకీ, 4కే మానిటర్ కొన్నవాళ్ళకీ. ఆ కొనేదైనా ఆట జాబితా వచ్చాకే. పేరులేని ఎస్ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే డబ్బా) మీద మాత్రం పెద్ద కార్డు పెట్టకండి. మన ఎండాకాలంలో అవి ఎలా కాలిపోతాయో నా రిపేరు బల్ల మీద చూపిస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తా. ముందే బుక్ చేయకపోతే దొరకదన్నది ఒట్టి మాట, డౌన్‌లోడ్‌కి స్టాకు అయిపోవడం ఉండదు. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్నది నచ్చకపోతే 14 రోజుల్లోపు, 2 గంటలకంటే తక్కువ ఆడి ఉంటేనే డబ్బు వాపసు అడగొచ్చు. ఇలాంటి ఆటలో 2 గంటలు ఇట్టే గడిచిపోతాయి, గడియారం చూసుకోండి. తగిలే అవకాశం 95 శాతం అని చూపిన గురి తప్పితే ఆట మోసం చేసినట్టు కాదు, 20 సార్లలో ఒకసారి తప్పుతుందని దానర్థం. పైగా ఎక్స్‌కామ్ 2 సులువు స్థాయిల్లో లోపల్లోపల మీకే సాయం చేస్తుంది. సేవ్ మళ్ళీ లోడ్ చేసి అదే గురి కొడితే అదే ఫలితం వస్తుంది, ఎందుకంటే పాచిక ముందే పడి ఉంటుంది. విడుదల తేదీ అంటారా, ఫిరాక్సిస్ నోటి నుంచి వచ్చేదాకా ఏ తేదీనీ నమ్మకండి.

ఒక్కటి మాత్రం చాలామంది తప్పు చదువుతున్నారు. కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి, "సీపీయూ 25 శాతమే గదా అన్నా, తప్పు దానిది కాదు" అంటారు. సీపీయూ అంటే ప్రాసెసరే. నాలుగు కోర్లు, అంటే విడివిడిగా పని చేసే నాలుగు భాగాలు ఉన్న ప్రాసెసర్‌లో ఒక కోర్ చేయగలిగినంత పని నిండా నడుస్తున్నా, మొత్తం మీద 25 అనే చూపిస్తుంది. శత్రువు వంతు నడిచేటప్పుడు ఆ ఒక్క కోర్ మీదే పనంతా పడి ఉండొచ్చు.

కాబట్టి షాపుకి వచ్చేముందు ఒక పని చేయండి. పాత ఎక్స్‌కామ్ గానీ సివిలైజేషన్ గానీ చివరిదాకా తెచ్చిన సేవ్ తెరవండి. శత్రువు వంతు నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, ర్యామ్, డిస్క్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) నాలుగూ కనబడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. అది చూపించండి, ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో ఐదు నిమిషాల్లో చెప్తాను. సాయంత్రం ఆరు తర్వాత వస్తే కాస్త తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.