స్ప్రే లక్కర్: శ్రావణ మాసంలో పన్నెండు భరిణెలు పోగొట్టుకున్నాక తెలిసినవి

లేత్ మీద, అంటే కర్రను గిర్రున తిప్పి చెక్కే యంత్రం మీద, బొంగరమో కుంకుమ భరిణో తిప్పడం ఒక ఎత్తు, దానికి మెరుపు తేవడం ఇంకో ఎత్తు. ఈ రెండో పనికి నేను వాడే స్ప్రే లక్కర్ గురించి విన్న అపోహలు చాలానే ఉన్నాయి. కొన్నింటిని నేనే నమ్మాను.

అపోహ: లక్కర్ అంటే మన లక్కే.

పేరు లక్క నుంచే పుట్టింది, సరుకు మాత్రం వేరు. ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని నొక్కి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది నిగారింపు తెస్తారు. అందులో ద్రావకం ఊసే లేదు. స్ప్రే డబ్బాలో సాధారణంగా ఉండేది నైట్రోసెల్యులోజ్ గానీ ఆక్రిలిక్ గానీ, థిన్నర్ అనే ద్రావకంలో కరిగించినది. మామూలు గోళ్ల రంగుకూ ఆధారం ఈ నైట్రోసెల్యులోజే. పోలిక చెప్తే మా ఇంట్లో నవ్వారు కానీ, రెండూ ఆరే తీరు ఒక్కటే: థిన్నర్ ఎగిరిపోతుంది, పొర మిగులుతుంది.

అపోహ: ఒకేసారి దట్టంగా కొడితే పని తొందరగా అయిపోతుంది.

అవ్వదు. పైన చర్మం కట్టేస్తుంది, కింద థిన్నర్ చిక్కుకుపోయి బుడగలు లేస్తాయి, గాడుల్లోకి లక్కర్ జారుతుంది. డబ్బాను జానెడు దూరం కన్నా కాస్త ఎక్కువలో, 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని, చేయి కదులుతుండగానే పలచగా మూడు నాలుగు సార్లు కొట్టాలి. కొత్త పొర పాత పొరను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. కాబట్టి పట్టు కోసం ప్రతిసారీ ఉప్పు కాగితం పట్టనక్కర్లేదు. దుమ్ము నలుసులు పడితేనే 400 నంబరుతో తేలిగ్గా రుద్దండి.

అపోహ: తెల్లగా పాలిపోయిందంటే డబ్బా నకిలీది.

నేనూ దుకాణదారుతో పోట్లాడాను. ఆ శ్రావణంలో, వాన వెలిసిన సాయంత్రం, పన్నెండు భరిణెలకు వరసగా కొట్టాను. పది నిమిషాల్లో అన్నీ పలచని మజ్జిగ పోసినట్టయ్యాయి. తప్పు డబ్బాది కాదు, గాలిది. ఇంజెక్షన్‌కు ముందు స్పిరిట్ దూది రాస్తే చర్మం చల్లబడుతుంది కదా? థిన్నర్ ఎగిరేటప్పుడు చెక్క మీదా అదే జరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, చల్లటి నీళ్ల చెంబు బయట చెమ్మ పట్టినట్టు, తడి లక్కర్‌లోకి నీరు దిగి చిక్కుకుంటుంది. తెలుపు దాని వల్లే.

అప్పుడు తుడవకండి. నేను గుడ్డతో తుడిచి పన్నెండూ పాడుచేశాను. పొడి ఎండ కాసే రోజు వరకు ఆగి, ఒక పలచని పొర కొడితే పాత పొర మళ్లీ కరిగి నీటికి దారి ఇస్తుంది, తెలుపు చాలావరకు పోతుంది. డబ్బాకు బదులు స్ప్రే గన్‌తో కొట్టేవాళ్లు నెమ్మదిగా ఎగిరే రిటార్డర్ థిన్నర్ కలుపుకోవచ్చు. మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) పాలిష్‌లకు ఈ చిట్కా పనికిరాదు, గట్టిపడ్డాక అవి మళ్లీ కరగవు. కోస్తాలో ఉండేవాళ్లు వానాకాలంలో ఉదయం పది దాటాకే డబ్బా ముట్టుకోవడం మేలు.

అపోహ: వేలికి అంటకపోతే ఆరినట్టే.

అంటకపోవడానికి నిమిషాలు చాలు. గట్టిపడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు. భరిణెకు వెంటనే మూత పెడితే రెండూ అతుక్కుంటాయి, లోపల వాసన నెలల తరబడి వదలదు.

అపోహ: గీతల్ని లక్కర్ కప్పేస్తుంది.

కప్పదు, దండోరా వేస్తుంది. 120తో మొదలుపెట్టి 400 దాకా మెట్టు తప్పకుండా రుద్దాలి. ఇంకోటి: చెక్క పోగులు అడ్డంగా ఉండేలా బిగించి తిప్పిన గిన్నెలో ఎదురెదురుగా రెండు చోట్ల పోగుల చివర్లు బయటపడతాయి. అవి లక్కర్‌ను తాగేసి మెరుపు లేకుండా కనిపిస్తాయి. అక్కడ ముందే, చెక్క రంధ్రాలను మూసే సాండింగ్ సీలర్ రెండుసార్లు పట్టించండి.

అపోహ: గ్లాసుకైనా, గిన్నెకైనా ఇదే.

కాఫీ వేడికి, శానిటైజర్ చుక్కకు కూడా ఈ పొర మచ్చ పడుతుంది. బొంగరం, పెన్ను, భరిణె వరకు సరే.

అపోహ: లేత్ తిరుగుతుండగా కొడితే సమంగా పడుతుంది, ముక్కుకు రుమాలు చాలు.

లక్కర్ చిమ్ముతుంది. మోటారులో నిప్పురవ్వ లేస్తే ఆవిరి భగ్గుమంటుంది. ముక్కను విప్పి బయటికి తీసుకెళ్లండి. రుమాలు మహా అయితే కాస్త తుంపరను ఆపుతుంది, ఆవిరికి బొగ్గు ఫిల్టరు మాస్కు కావాలి. దేవుడి గదిలో దీపం వెలుగుతుంటే నేను పక్క వరండాలో కూడా డబ్బా ఊపను.