పియానో మెట్లు, జింక మాంసం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పియానో నేర్పుతానంటే ఇప్పటికీ చాలామంది "ఇక్కడ ఎవరు నేర్చుకుంటారండీ?" అని అడుగుతారు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది, ఘంటసాల గారు పాట నేర్చుకున్నది అక్కడే. అలాంటి ఊళ్లో ఏ వాద్యానికైనా శిష్యులు దొరుకుతారు. నాకు పొద్దున, సాయంత్రం పాఠాలు, మధ్యాహ్నం భోజనం క్యారియర్లు వండి పంపడం. పద్దెనిమిదేళ్లుగా ఈ రెండు పనుల మీదే ఇల్లు నడుస్తోంది.

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఫోనులో ఒక చిన్న బృందం కలుస్తుంది. శ్రీకాకుళంలో పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు, బొబ్బిలి వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన, పలాసలో డిగ్రీ చదివే అమ్మాయి, డాలస్‌లో ఒక చెల్లెలు. వాళ్లలో వాళ్లు ఇంతవరకు ఎదురెదురుగా కలుసుకోలేదు. పాఠం ముగిశాక మాటలు వంటింట్లోకి మళ్లుతాయి. పియానో గురించి అడిగినా, కూర గురించి అడిగినా ప్రశ్న చివరికి ఒకటే: తొందరగా అయ్యే దారి ఉందా? నేను తరచుగా వినే అపోహల్లో సగం ఆ ప్రశ్నలోంచి పుట్టినవే.

అపోహ: హార్మోనియం వస్తే పియానో వచ్చినట్టే.

మన ప్రాంతంలో ఇది చాలా బలంగా ఉంది. పద్యనాటకం ఆడే ప్రతి ఊళ్లోనూ ఒక హార్మోనిస్టు ఉంటాడు. ఆయన ఎదుట పియానో పెడితే తెల్ల మెట్లు, నల్ల మెట్లు అవే కాబట్టి చొరవగా కూర్చుంటాడు. స్వరస్థానాల వరకు నిజంగానే అది గొప్ప ఆస్తి. నాలుగున్నర శ్రుతి అనగానే మా బొబ్బిలి పెద్దాయన వేలు చూపుతో పనిలేకుండా ఆ నల్ల మెట్టు మీద వాలుతుంది. ఆ అలవాటు కొత్తవాళ్లకు రావాలంటే నెలలు పడుతుంది.

కానీ శబ్దం పుట్టే తీరే వేరు. హార్మోనియంలో గాలి రీడును, అంటే సన్నని లోహపు నాలుకను, మోగిస్తుంది. పెద్దగా పలకాలా, మెల్లగా పలకాలా అన్నది తిత్తి చేతిలో ఉంటుంది. మెట్టును విసురుగా నొక్కినా, నెమ్మదిగా నొక్కినా తేడా రాదు. వేలు ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది. పియానోలో మెట్టు నొక్కితే మెత్తని ఉన్ని తొడిగిన సుత్తి వెళ్లి తీగను కొట్టి వెంటనే వెనక్కి వస్తుంది. ఎంత వేగంగా నొక్కామో అంత పెద్దగా మోగుతుంది. కొట్టిన మరుక్షణం నుంచి స్వరం తగ్గిపోతూనే ఉంటుంది. ఇక మన చేతిలో మిగిలేది దాన్ని ఎప్పుడు ఆపాలన్నది మాత్రమే. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సులో క్రిస్టొఫొరి అనే వాద్యాల తయారీదారు ఈ వాద్యాన్ని తయారుచేసినప్పుడు దాని పేరులోనే "మెల్లగా, గట్టిగా" అనే మాటలు చేరాయి. మెట్టు కిందికి దిగేది దాదాపు ఒక సెంటీమీటరు. చెప్పదలచుకున్నదంతా ఆ సెంటీమీటరులో చెప్పాలి.

మా పెద్దాయనకు మొదటి నెల ఇదే ఇబ్బంది. నటుడు పద్యం చివర రాగం తీస్తున్నంతసేపు హార్మోనియం మీద స్వరం పట్టి ఉంచడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. పియానో మీద స్వరం సన్నగిల్లుతుంటే వేలిని ఇంకా లోపలికి అదిమేవారు. గోరు చుట్టూ తెల్లబడేది, మణికట్టు బిగుసుకునేది, స్వరం మాత్రం తన దారిన తాను ఆరిపోయేది. "వదిలేయండి బాబాయ్ గారూ, అది ఇక మీ మాట వినదు, తరవాతి స్వరం చూడండి" అని ఎన్ని ఆదివారాలు చెప్పానో. కుడి పెడలు నొక్కితే తీగలను ఆపే మెత్తలు పైకి లేస్తాయని, దానితో స్వరానికి కొంత ఆయుష్షు పెంచవచ్చని తెలిశాక ఆయన వేళ్లు వదులయ్యాయి.

అపోహ: పియానో మీద మన రాగాలన్నీ పలుకుతాయి. దీనికి ఎదురుగా ఇంకొకటి: ఒక్కటీ పలకదు.

రెండూ నేను ఒప్పుకోను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణ మీద తీగను మెట్టు వెంట పక్కకు లాగితే స్వరం పైకి జారుతుంది, ఊగుతుంది. గమకం అక్కడ పుడుతుంది. పియానోలో సుత్తికి, తీగకు మధ్య మన వేలు లేదు. అందుకే తోడి రాగంలోని గాంధారాన్ని, అంటే "గ" స్వరాన్ని, పియానో మీద నొక్కితే వినిపించేది స్వరస్థానం మాత్రమే, తోడి కాదు. సహానా, బేగడ కూడా అంతే. మోహన, హంసధ్వని, శంకరాభరణంలోని సూటి వరసలు మాత్రం హాయిగా పలుకుతాయి.

ఇంకో తేడా చెవికి మాత్రమే తెలుస్తుంది. పియానోలో స్థాయిని, అంటే "స" నుంచి పై "స" దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన భాగాలు చేశారు. స్వరాల మధ్య దూరాన్ని కొలిచే సెంట్లలో ఒక్కో భాగం నూరు. సహజమైన అంతర గాంధారం (శంకరాభరణంలోని "గ") షడ్జానికి ("స"కు) 5/4 నిష్పత్తిలో ఉంటుంది. పియానో గాంధారం దానికంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ. పంచమంలో ("ప"లో) తేడా రెండు సెంట్లే, అది దాదాపు తెలియదు. కావాలంటే తంబూరా పెట్టెలో శ్రుతి పెట్టి, అదే షడ్జానికి కీబోర్డు మీద గాంధారం నొక్కి పట్టుకోండి. రెండూ కలిసినట్టే ఉండి, లోపల సన్నగా అల లేచి పడుతూ ఉంటుంది. లెక్కల మాస్టారు ఆ అల విన్నరోజు పాఠం ముందుకు సాగనివ్వలేదు. నిష్పత్తులన్నీ కాగితం మీద వేసి చూసుకున్నాకే లేచారు. హార్మోనియం మీద కూడా ఇలాంటి అభ్యంతరాలే వచ్చాయి. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. వయొలిన్ కూడా బయటి దేశం నుంచి వచ్చిందే, కానీ దాని మీద వేలు తీగనే తాకుతుంది కాబట్టి మన సంగీతంలో ఒదిగిపోయింది. పియానో అలా ఒదగదు. దాని బలం ఒకేసారి పది వేళ్లతో అనేక స్వరాలు పలికించడంలో ఉంది. దాన్ని దాని బలం కోసమే నేర్చుకోవాలని నా అభిప్రాయం.

అపోహ: వేళ్లు పొడుగ్గా ఉండాలి, చిన్నప్పుడే మొదలుపెట్టాలి.

ఒక తెల్ల మెట్టు నడుమ నుంచి ఎనిమిదో తెల్ల మెట్టు నడుమకు, అంటే ఒక స్థాయికి, దూరం సుమారు పదహారున్నర సెంటీమీటర్లు. మామూలు పెద్దవాళ్ల చేయి చాలావరకు అందుకుంటుంది. అందనివాళ్లకు వేరే పాఠాలు ఉన్నాయి. వయసు మాటకొస్తే, మాస్టారు అరవై రెండో ఏట మొదలుపెట్టి ఏడాదిలో స్వరలిపి చూసి రెండు చేతులతో వాయించే స్థితికి వచ్చారు. పిల్లల చేయి తొందరగా లొంగుతుంది, పెద్దల బుర్ర తొందరగా చదువుతుంది.

అపోహ: ఖరీదైన వాద్యం లేకపోతే మొదలుపెట్టకూడదు.

88 మెట్ల అసలు పియానోలో దాదాపు 230 తీగలు, ఇరవై టన్నుల దాకా బిగువు ఉంటాయి. మన తీరప్రాంతపు తేమకు కర్ర ఉబ్బుతుంది, తీగ తుప్పు పడుతుంది, శ్రుతి కదులుతుంది. వాయించినా, వాయించకపోయినా ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించాలి. ఆ బాధ్యత మోయలేనివారు కీబోర్డుతో మొదలుపెట్టవచ్చు. 61 మెట్లు చాలు, కానీ వేలి వేగాన్ని బట్టి శబ్దం మారే రకం తీసుకోవాలి. అది లేకపోతే నేర్చుకునేది హార్మోనియమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా బృందంలోని పలాస అమ్మాయి చిన్నపిల్ల. అట్ట మీద మెట్లు గీసుకుని వేళ్ల వరస సాధన చేసింది. స్పర్శ దానితో రాదు, వరస మాత్రం వచ్చింది.

అపోహ: వేగంగా వాయించగలిగితే వచ్చినట్టు.

నేను ఎక్కువ పోట్లాడేది దీనితోనే. కుడిచేత్తో శంకరాభరణం ఆరోహణ తీసుకోండి. స, రి, గ దగ్గర బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మ దగ్గరికి రాగానే బొటనవేలు మధ్యవేలి కింద నుంచి దాటి రావాలి. కొత్తవాళ్లు ఆ దాటే క్షణంలో మోచేయి పైకెత్తుతారు, మణికట్టు తిప్పుతారు, బొటనవేలు ధబ్బున పడుతుంది. ఎనిమిది స్వరాల్లో "మ" ఒక్కటే అరుస్తుంది. వేగంగా వాయిస్తే ఆ అరుపు వాయించేవాళ్లకు వినబడదు, వినేవాళ్లకు మాత్రం ప్రతిసారీ గుచ్చుకుంటుంది. పైగా ఆ తప్పునే రోజుకు వంద సార్లు చేతికి నేర్పుతున్నట్టు అవుతుంది. మధ్యవేలు "గ" మీద ఉన్నప్పుడే బొటనవేలు కదిలి "మ" మీద ముందే వచ్చి కూర్చోవాలి. నిమిషానికి నలభై దెబ్బల లయలో కళ్లు మూసుకుని వాయించి, ఏ స్వరం దగ్గర వేలు మారిందో ఎదుటివాళ్లు పోల్చుకోలేనప్పుడు లయ నాలుగు దెబ్బలు పెంచమంటాను. ఇష్టం లేనివాళ్లు మానేశారు. నేను మాత్రం మార్చుకోలేదు.

అపోహ: వీడియోలో పాఠం చెప్పినా, ఎదురుగా చెప్పినా ఒకటే.

ఒకటి కాదు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యుడు కలిసి వాయించలేరు. సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యం ఉన్నా లయ తొణుకుతుంది. ఫోను చేసే రొద తగ్గింపు ఇంకా పెద్ద చిక్కు. నిలిచి ఉండే స్వరాన్ని అది ఫ్యాను మోత అనుకుని కత్తిరిస్తుంది. మార్పులు చేయని శబ్దం పంపే అమరిక వెతికి పెట్టుకుంటే చాలావరకు బాగుపడుతుంది.

ఈ సంగతి మాకు తెలిసింది ఒక నవంబరు ఆదివారం. డాలస్ చెల్లెలికి అది శనివారం రాత్రి ఏడు గంటలు. ఆమె పట్టుకున్న స్వరం సగంలో మాయమైంది, దాని వెనక కుక్కరు విజిల్ మాత్రం స్పష్టంగా వినిపించింది. "ఏమి వండుతున్నావమ్మా?" అంటే, "పక్కింటాయన వేటకు వెళ్లి జింక మాంసం ఇచ్చాడక్కా, వీపు కండ, ఐదు విజిళ్లు పెట్టాను" అంది. టెక్సస్‌లో లైసెన్సుతో, కాలం చూసి వేటాడటం చట్టబద్ధం. అక్క కూతురి పురుడుకు వెళ్లి ఆరు నెలలు అక్కడున్నప్పుడు నేనూ ఆ మాంసం వండాను, అందుకే ఆ ఐదు విజిళ్లు వినగానే మనసు ఉసూరుమంది.

అడవి మాంసం అంటే గట్టిగా ఉంటుంది, ఎంత ఉడికిస్తే అంత మంచిది అనుకుంటారు. ముక్కను బట్టి ఉంటుంది. జింకలో కొవ్వు చాలా తక్కువ. వీపు కండ ఎక్కువగా కదలని కండ, అది ముందే మెత్తన. ఎక్కువ వేడి పెడితే నారలు ముడుచుకుని నీరంతా బయటికి పిండేస్తాయి, మిగిలేది పీచు. దాన్ని నువ్వుల నూనెలో రెండు వైపులా తొందరగా వేయించి, లోపల 63 డిగ్రీల సెల్సియస్ చేరాక దించి, కాసేపు ఆరనిచ్చి కోయాలి. భుజం, కాలి ముక్కలు వేరు. వాటిలో కండను పట్టి ఉంచే గట్టి పొరలు కరగాలంటే సన్నని సెగ మీద రెండు మూడు గంటలు కావాలి. వాటికి కుక్కరు పనికొస్తుంది.

వాసన మసాలాతో పోతుందన్నది ఇంకో మాట. ఆ వాసన ఎక్కువగా కొవ్వులో, కండ మీది తెల్లటి పొరలో, వేటాడిన తరవాత చల్లబరచడంలో జరిగిన ఆలస్యంలో ఉంటుంది. కొవ్వు, పొర పూర్తిగా ఒలిచి తీసేస్తే అల్లం, వెల్లుల్లి, ధనియాలు, కొంచెం గసగసాలు చాలు. పచ్చి బొప్పాయి గుజ్జు రాత్రంతా పట్టిస్తే పైన జావ అవుతుంది, లోపల అలాగే ఉంటుంది. అరగంట చాలు. తూటా దిగిన చోటు చుట్టూ సీసపు తునకలు ఉండవచ్చు కాబట్టి అక్కడ ధారాళంగా కోసి పారేయాలి.

నిమ్మరసం, వెనిగరు పోస్తే క్రిములు చస్తాయన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. అడవి పంది మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండవచ్చు. ఉప్పు, పొగ, ఎండబెట్టడం దాన్ని నమ్మకంగా చంపలేవు. అడవి జంతువుల్లో దొరికే కొన్ని రకాలు ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా బతుకుతాయి. ముక్క నడుమ 71 డిగ్రీలు చేరాలి, కీమాకు కూడా అంతే. ఇక్కడ నా చేతి అంచనాను నేనే నమ్మను, వంటింటి థర్మామీటరు గుచ్చి చూస్తాను.

ఇది విని పలాస అమ్మాయి "ఇక్కడ కూడా దొరుకుతుందంటారు కదా, తింటే తప్పు కాదు, వేటాడితేనే తప్పంటారు" అంది. మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కణుజు, దుప్పి, చెవులపిల్లి, అడవిపంది వంటి వాటిని అనుమతి లేకుండా వేటాడటమే కాదు, మాంసం అమ్మడం, కొనడం, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. జైలు శిక్ష ఉంటుంది. క్యారియర్లలో అలాంటి మాంసం పెట్టమని నన్ను అడిగినవాళ్లున్నారు, ప్రతిసారీ లేదనే చెప్పాను. ఆ రుచికి దగ్గరగా కావాలంటే ఫారంలో పెంచిన కౌజుపిట్టలు ఉన్నాయి. చిన్న పిట్ట, కొవ్వు తక్కువ, తొందరగా ఎండిపోతుంది. పెరుగు, అల్లం పట్టించి అరగంట ఉంచి, మూత పెట్టి పది పన్నెండు నిమిషాలు మగ్గించి, తొడ దగ్గర గుచ్చితే నీరు తేటగా వచ్చేదాకా చూసి, చివర్లో మూత తీసి వేయించాలి. వచ్చే ఆదివారం పాఠం అయ్యాక మాస్టారింట్లో ఇదే వంట, ఫోను పొయ్యి పక్కన పెడతామన్నారు.