ధ్రువాల్లో ఒక్క ఏడాది ఖరీదు

తిరుమల కొండల్లో బంగారు బల్లి మీద పరిశోధన చేసే విద్యార్థికి ఏం కావాలి? అటవీ శాఖ అనుమతి, మంచి టార్చిలైటు, దారి తెలిసిన ఓ మనిషి, ఒక బైకు. ఆ బల్లి రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి నిద్ర మానుకోవాలి. ఖర్చు లేదని కాదు, ఫెలోషిప్ డబ్బులు ఆలస్యమైతే పెట్రోలు కూడా భారమే. అయినా వాన పడితే హాస్టల్‌కి వెనక్కొచ్చేసి మర్నాడు రాత్రి మళ్లీ ఎక్కొచ్చు. ధ్రువ ప్రాంతాల్లో జంతువుల మీద పనిచేసేవాళ్లకి లేనిది ఈ వెసులుబాటే. అక్కడి ఖర్చు ఎందుకంత ఎక్కువో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కెనడా ఉత్తర తీరంలో తెల్ల ఎలుగుబంటిని పరీక్షించడం ఎలా ఉంటుందో చూడండి. హెలికాప్టర్‌లోంచి మత్తు సూది కొడతారు. దగ్గర్లో నీళ్లుంటే కొట్టరు, మత్తులో అందులో పడితే మునిగిపోతుంది. ఎలుగు పడుకున్నాక పొడవు, నడుము చుట్టుకొలత కొలుస్తారు, రక్తం తీస్తారు, పెద్దగా పనికిరాని ఒక చిన్న పన్ను పీకుతారు. ఆ పన్నును సన్నగా కోసి పొరలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. ఉపగ్రహానికి సంకేతాలు పంపే కాలర్ ఆడదానికే కడతారు. మగదాని మెడ తలంత లావు కాబట్టి కాలర్ నిలవదు, జారిపోతుంది. అంతా త్వరత్వరగా ముగించి, అది కళ్లు తెరిచేలోపు పక్కకు తప్పుకోవాలి.

ఇంత చిన్న పని కోసం ముందు చేయాల్సిన ఏర్పాట్లు చాలా పెద్దవి. హెలికాప్టర్ ఒకసారి నింపిన ఇంధనంతో కొన్ని గంటలే తిరగగలదు. అందుకే వెళ్లే దారి పొడవునా 200 లీటర్ల డ్రమ్ములు ముందే దింపి ఉంచాలి. వాటిని మోసే చిన్న విమానానికీ ఇంధనం కావాలి, ఇంకా లోపలికి పోయేకొద్దీ దాని వాటా పెరుగుతూనే ఉంటుంది. తీరా అంతా సిద్ధమయ్యాక మంచు పొగ కమ్మితే గుడారంలో కూర్చోవాలి. ఎగిరినా ఎగరకపోయినా రోజుకు ఇన్ని గంటలని కనీస అద్దె కట్టడం మామూలే. ఆ పొగ వారం రోజులుంటే బడ్జెట్‌తో పాటు, ఎలుగులు దొరికే ఆ కొద్ది వారాల్లో ఒక వారం కూడా పోతుంది.

అందుకే మన జ్ఞానం కూడా దారులున్న చోటే పెరిగింది. తెల్ల ఎలుగుల్లో అందరికంటే ఎక్కువగా అధ్యయనం చేసినవాటిలో ఒకటి పశ్చిమ హడ్సన్ బే గుంపు. 2016లో వాటి సంఖ్యను 842గా అంచనా వేశారు, 2021కి అది 618కి తగ్గింది. ఆ గుంపు పక్కనే ఉన్న చర్చిల్ అనే ఊరికి రైలు వెళ్తుంది! ఇది కాకతాళీయం అనుకోను. రష్యా ఉత్తర సముద్రాల్లో చాలాచోట్ల తిరిగే ఎలుగుల గురించి ఇంత నమ్మకంగా చెప్పే లెక్కే లేదు.

డబ్బుతో కొలవలేని ఖర్చూ ఉంది. 2000 మే నెలలో మాల్కమ్ రామ్సే, స్టువర్ట్ ఇన్నెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తెల్ల ఎలుగుల పరిశోధన పని మీదే వెళ్లి, కెనడా ఉత్తరాన ఉన్న రెజల్యూట్ అనే ఊరి దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. 2003లో అంటార్కిటికాలోని రొథెరా కేంద్రం దగ్గర ఈదుతూ పనిచేస్తున్న కిర్స్టీ బ్రౌన్ అనే యువ జీవశాస్త్రవేత్తను లెపర్డ్ సీల్ అనే వేటాడే సముద్ర జంతువు నీళ్లలోకి లాక్కెళ్లిపోయింది. తుపాకీ పట్టుకున్న కాపలా మనిషి, శాటిలైట్ ఫోన్, అదనపు పడవ, డాక్టర్... పరిశోధన ప్రతిపాదనలో ఈ పద్దులు చూసి ఎవరైనా దుబారా అంటే నాకు బాధ కలుగుతుంది.

మన దేశానికీ ఈ లెక్కలు కొత్తేం కాదు. 1981లో తొలి అంటార్కిటికా యాత్ర బయల్దేరింది. ఇప్పుడు అక్కడ మైత్రి, భారతి కేంద్రాలు పనిచేస్తున్నాయి, రెంటికీ మధ్య దూరమే సుమారు 3,000 కిలోమీటర్లు. వెళ్లేవాళ్లకి గట్టి వైద్య పరీక్షలు, ఔలీ మంచుకొండల్లో శిక్షణ ఉంటాయి. ఆపైన కేప్‌టౌన్ నుంచి విమానమో, మంచును తట్టుకునే అద్దె ఓడో ఎక్కాలి.

అయితే ఇంధనం, ఓడలు, కాపలా, వీటన్నిటికంటే ఖరీదైనది వరస తప్పకుండా ఏటా వెళ్లడమని నా అభిప్రాయం. సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పాన్నే తీసుకోండి. అక్కడ ఎలుక లాంటి లెమ్మింగులు మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగి, తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతాయి. అవి బాగా ఉన్న ఏడాది నక్కలు, స్కువాలనే వేట పక్షులు వాటితోనే కడుపు నింపుకుంటాయి. లేని ఏడాది నేల మీద గూళ్లు పెట్టే పిట్టల గుడ్లు, పిల్లల మీద పడతాయి. ఈ చక్రాన్ని ఒక్కసారి పూర్తిగా చూడడానికే మూడేళ్ల గ్రాంటు చాలదు.

ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్‌లో 1990ల మధ్య నుంచి ఏటా అవే మొక్కలు, అవే పిట్టలు, అవే పురుగులు లెక్కపెడుతున్నారు. 2018లో అక్కడ మంచు చాలా ఆలస్యంగా కరిగింది. దాదాపు ఏ జీవికీ ఆ ఏడాది సంతానం నిలవలేదు. అది ఎంత అసాధారణమో చెప్పగలిగింది వెనక 20 ఏళ్ల లెక్కలు ఉండబట్టే. అలాంటి వరసలు తెగడానికి డబ్బే అక్కర్లేదు. 2020లో కోవిడ్ వల్ల ఎన్నో యాత్రలు రద్దయ్యాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆర్కిటిక్‌లో పాశ్చాత్య శాస్త్రవేత్తల పని చాలావరకు ఆగిపోయింది. ఆ ఏళ్లను ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా కొనలేం.

ఉపగ్రహాలు కొంత భారం తగ్గించాయి, ఆ పనిలో మన తిరుపతి జిల్లా గడ్డకీ వాటా ఉంది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి ఎగిరిన సరళ్ ఉపగ్రహంలో ఆర్గోస్ అనే పరికరం ఉంది. జంతువులకు, పక్షులకు కట్టిన ట్యాగ్‌ల సంకేతాలను అందుకునే వ్యవస్థ అది. ఎంపరర్ పెంగ్విన్లనైతే ట్యాగ్ కూడా లేకుండానే కనిపెడుతున్నారు. మంచు మీద వాటి రెట్ట వేసే గోధుమరంగు మరకలు అంతరిక్షం నుంచి కనిపిస్తాయి. 2012లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఇలా 46 స్థావరాలు గుర్తించి, దాదాపు 5.95 లక్షల పెంగ్విన్లున్నాయని అంచనా కట్టారు.

కానీ 50, 60 గ్రాముల పిట్ట వయసెంతో పై నుంచి చూసి చెప్పలేం. తైమిర్‌లో పుట్టే కర్లూ శాండ్‌పైపర్లు అంతే బరువుంటాయి, మన ఉల్లంకి జాతి. సుమారు 7,000 కిలోమీటర్లు దాటి చలికాలానికి పులికాట్ చేరేవాటిలో ఇవీ ఉంటాయి. అటకానితిప్ప రోడ్డు మీద బండి ఆపేవాళ్లంతా ఫ్లెమింగోలకు ఫొటోలు తీసుకుంటారు. వాటి కాళ్ల దగ్గర బురదలో ముక్కు గుచ్చుతూ పరిగెత్తే ఈ బూడిదరంగు పిట్టల్ని ఎవరూ పట్టించుకోరు.

దారిలోనో, చేరిన చోటో పిట్టల్ని పట్టుకుని ఆర్కిటిక్ సంగతులు రాబట్టడం సాధ్యమేనని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. తైమిర్‌లో పుట్టిన రెడ్ నాట్ అనే మరో తీరపు పిట్ట పిల్లల్ని పోలండ్ తీరంలో పట్టి కొలిచారు, మంచు కరిగిన తేదీలు ఉపగ్రహ చిత్రాల నుంచి తీసుకున్నారు. మంచు తొందరగా కరిగిన ఏళ్లలో పుట్టినవి చిన్నగా, పొట్టి ముక్కుతో ఉన్నాయి. ఆఫ్రికాలోని మౌరిటానియా చేరాక ఇసుకలో లోతుగా ఉండే ఆల్చిప్పలు ఆ ముక్కులకు అందవు.

పులికాట్‌లోనూ అలాంటి పని చేయొచ్చు. ఆ ఏడాది పుట్టిన శాండ్‌పైపర్ రెక్కల మీద కొన్ని ఈకలకు లేత పసుపు అంచు మిగిలి ఉంటుంది, చేతిలో పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. దీనికి కావలసింది అనుమతి, సన్నటి వలలు, కాళ్లకు వేసే రింగులు, పడవ బాడుగ, ఆ ఈకల్ని చదవడం నేర్చిన నలుగురు విద్యార్థులు. తిరుపతిలో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి సూళ్లూరుపేట దాటి సరస్సు ఒడ్డున ఉంటారు. ఏటా అవే వారాల్లో వెళ్లి, పట్టిన పిట్టల్లో ఈ లేతవి ఎన్ని వంతులో రాసుకోవాలి. లెమ్మింగులు బాగా పెరిగిన ఏడాది ఆ వంతు పెరగాలి, అవి పోయిన మరుసటి ఏడాది పడిపోవాలి. పదేళ్ల లెక్క వరసగా చేతిలో ఉంటే, తైమిర్‌కి ఎవరూ వెళ్లలేని ఏడాది అక్కడ పిట్టల కాన్పు ఎలా జరిగిందో తిరుపతి నుంచే చెప్పొచ్చు.