వీపీఎన్: మిర్యాలగూడ మిల్లుల్లో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు, షాపులకు కంప్యూటర్, నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. వీపీఎన్ మాటెత్తితే కొందరు అది దొంగల పని అంటారు, కొందరు తాయెత్తులా చూస్తారు. నిజానికి అది మీ ఫోన్ నుంచి ఒక సర్వర్ దాకా తాళం వేసిన దారి, అంతే. దారి మధ్యలో ఎవరూ తొంగిచూడలేరు. దారికి ఇటు చివర మీరేం నొక్కుతారో, అటు చివర ఎవరున్నారో మాత్రం దాని చేతిలో లేదు.

అపోహ: వీపీఎన్ ఆన్‌లో ఉంటే మోసగాళ్లు ఏమీ చేయలేరు.

చేస్తారు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌గా ఎక్కే ఫైల్, వస్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి మెసేజ్‌లు చదవడానికి అనుమతి ఇచ్చారంటే ఓటీపీలు నేరుగా వాళ్లకే పోతాయి. వీపీఎన్ ఉంటే అదే తాళం వేసిన దారిలో భద్రంగా పోతాయి! అలా డబ్బు పోయిందా, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

అపోహ: స్టేషన్‌లోనో, హోటల్‌లోనో ఉచిత వైఫై వాడితే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

ఒకప్పుడు ఈ భయంలో చాలా నిజం ఉండేది. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. దాంతో ఒకే వైఫైలో ఉన్న పక్కవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి దూరిపోయేవాళ్లు. ఇప్పుడు బ్యాంకు యాప్‌లు, పెద్ద సైట్లు అన్నీ హెచ్‌టీటీపీఎస్‌తోనే, అంటే సమాచారానికి తాళం వేసి పంపే పద్ధతిలోనే నడుస్తున్నాయి కాబట్టి లోపలి సమాచారం అందరికీ కనబడదు. ఏయే సైట్లకు వెళ్తున్నారో మాత్రం ఆ వైఫై నడిపేవాళ్లకు చాలావరకు తెలుస్తుంది. వీపీఎన్ దాన్ని కూడా కప్పేస్తుంది. కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఉంటే తెరుచుకోవు, టెన్షన్ పడకండి.

అపోహ: ఉచిత వీపీఎన్ అయినా పని జరుగుతుంది కదా.

ఇక్కడ మాత్రం గట్టిగా వద్దంటాను. వీపీఎన్ పెట్టుకున్నప్పుడు మీరు సిమ్ కంపెనీ మీద పెట్టే నమ్మకాన్ని తీసి ఆ వీపీఎన్ కంపెనీ మీద పెడుతున్నారు. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొన్నది. జనం దాని ఉచిత వీపీఎన్‌ను రక్షణ కోసం వేసుకుంటే, ఎవరు ఏ యాప్ ఎంత వాడుతున్నారో ఫేస్‌బుక్ అందులోంచే చూసుకుంది. 2018లో యాపిల్ స్టోర్ నుంచి పోయింది, 2019లో మూతపడింది.

అపోహ: మన దేశంలో వీపీఎన్ నేరం.

నేరం కాదు. అలాగని పూర్తి అజ్ఞాతమూ కాదు. వాడేవాళ్ల వివరాలు ఐదేళ్లు దాచాలని వీపీఎన్ కంపెనీలకు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశం ఇచ్చింది. దాంతో కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. పాలమూరు నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడ నేరం చేయడానికో, దాన్ని కప్పిపుచ్చడానికో వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది.

అపోహ: చిన్న వ్యాపారాలకు వీపీఎన్ ఎందుకు?

అసలు అవసరం వీళ్లకే. ఒక యాసంగిలో, ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరిన రోజుల్లో, పొద్దున్నే ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, ట్యాలీ తెరుచుకుంటలేదు, ఏందో ఇంగ్లీషుల వస్తున్నది" అన్నాడు సేటు. ట్యాలీ అంటే మిల్లు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. వెళ్లి చూస్తే ప్రతి ఫైల్ పేరు చివర ఏవో కొత్త అక్షరాలు, పక్కనే డబ్బు అడుగుతూ నోటు. సేటు హైదరాబాద్‌లోని ఇంటి నుంచి లెక్కలు చూసుకోవాలని ఎవరో రూటర్‌లో 3389 పోర్టు, అంటే బయటి నుంచి ఆ కంప్యూటర్‌ను నడిపే దారి, తెరిచిపెట్టారు. విండోస్ లాగ్ తీస్తే 4625 నంబర్‌తో, అంటే తప్పు పాస్‌వర్డ్ అని, పేజీల కొద్దీ ఎంట్రీలు. అడ్మిన్, యూజర్, ట్యాలీ అంటూ రాత్రింబవళ్లు ఎవడో తలుపు తడుతూనే ఉన్నాడు. చివరికి ఒక పాస్‌వర్డ్ తగిలింది.

దొరికిన బ్యాకప్ పది రోజుల కిందటిది. కాంటా చిట్టీలు ముందేసుకుని నేనూ, అకౌంటెంటూ రెండు రాత్రులు మళ్లీ ఎక్కించాం. ఊకదుమ్ముకు, చెమటకు కొన్నింటి మీద అంకెలు చెరిగిపోయాయి. ఎన్ని బస్తాలు తూకం వేశామని ఆ రైతులనే ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది.

తర్వాత ఆ పోర్టు మూసేసి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఉచితంగా దొరుకుతుంది, దాని ప్రోగ్రామ్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, సర్వర్ మన మిల్లులోనే ఉంటుంది కాబట్టి మధ్యలో ఇంకో కంపెనీ లేదు. సరైన కీ (పాస్‌వర్డ్ లాంటి పొడవాటి రహస్య అక్షరాలు) లేనివాడు తలుపు తడితే అది జవాబే ఇవ్వదు, అక్కడొక తలుపు ఉందని కూడా వాడికి తెలియదు. సేటు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పని అయిపోయింది. నెల తర్వాత లాగ్ తీస్తే 4625లు రెండే ఉన్నాయి, రెండూ అకౌంటెంట్ తప్పు కొట్టినవే. మీ ఇంటర్నెట్‌కు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా, లేకపోతే ఇది నేరుగా కుదరదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లను ముందే అడగండి.

ఒక్కో మనిషికి ఒక్కో కీ ఇవ్వండి, అందరికీ ఒకటే ఇవ్వకండి. మొన్న ఆ మిల్లులోనే గుమాస్తా ఒకతను పని మానేశాడు. వైర్‌గార్డ్ సెట్టింగుల్లో అతని పేరున్న నాలుగు లైన్లు తీసేశాను. మిగతా ఎవరి ఫోన్ ముట్టుకోవాల్సిన పనే పడలేదు.